క్రిసాంతో ఆగిపోయిన చోటు

పెలాహియా వదిన వెనిగర్ అమ్మేది. కొబ్బరికల్లు దించి, జాడీల్లో పులవబెట్టి, సీసాలకు నింపి, వారానికి రెండుసార్లు లైట్‌హౌస్ కొన మీది తన ఇంటి నుంచి ఊళ్ళోకి కావడిలో మోసుకొచ్చేది. పచ్చిచేప ముక్కల్ని వెనిగర్‌లో నానేసుకు తినే మా లినావ్ దీవిలో, ఆవిడ రాని రోజున సగం ఇళ్ళల్లో భోజనం మొదలయ్యేది కాదు. ఒకసారి దారిలో కావడి జారి ఆరు సీసాలు సముద్రంలో పడితే, ఆ వారమంతా అక్కడి చేపలు ఊరిపోయే వలలోకి వచ్చాయనీ, నేను పడవలోనే ఉల్లిపాయ కోసుకుని తినేశాననీ నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. ఆవిడ పక్కనే ఉన్నా కాదనేది కాదు. "ఆరు కాదు, ఐదు" అనేది, అంతే.

కొనకీ ఊరికీ మధ్య ఒకటే దారి. సముద్రం పక్కనే, మొగలిపొదల కిందుగా, రాళ్ళ మీదుగా ముప్పావుగంట నడక. సగం దూరంలో కొండ నీళ్ళలోకి దిగే చోట పీతమెట్టు అని ఒక రాతి అంచు ఉండేది. దాని మీద మనిషి పీతలాగా పక్కకి నడవాలి. కావడి అయితే దించి, ఒక్కో బుట్టా విడిగా దాటించాలి. శవపేటిక దాటదు. మా కథంతా అక్కడే వచ్చింది.

ఆవిడ భర్త క్రిసాంతో, నేను కాన్వెంటులో ఒకే బెంచీ. నాకంటే మూడు నెలలు పెద్ద కాబట్టి వాడు అన్న, ఆవిడ వదిన. లైట్‌హౌస్ దీపం ఎండతో తనంతట తానే వెలగడం నేర్చుకున్నాక వాడికి దాన్ని వెలిగించే పని పోయింది. కూర్చునేవాడు. గుమ్మంలో, మెట్టు మీద, బోర్లించిన పడవ మీద, చోటు ఎక్కడ దొరికితే అక్కడ. డిసెంబరులో ఒక ఉదయం గుండెలో నొప్పి అంటే అవతలి తీరం పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. "ఇక్కడ ఉండలేను, ఇంటికి తీసుకుపోవే" అన్నాడు. "శనివారానికి తీసుకుపోతాను, నోరు మూసుకుని పడుకో" అంది వదిన. శుక్రవారం పోయాడు.

ఫెర్రీలో పేటిక ఊరిదాకా వచ్చింది. అక్కడి నుంచి కొనకి రాలేదు. ఈశాన్యపు గాలి రోజులు, కొన దగ్గర అల పడవను రాళ్ళకేసి కొడుతోంది. పీతమెట్టు సంగతి చెప్పాను కదా. ఊళ్ళో వాడి తమ్ముడి ఇంట్లో మూడు రాత్రులు ఉంచి, జపాలు చేసి, ఊరి శ్మశానంలోనే పూడ్చారు. ఇంటికి ముప్పావుగంట దూరంలో. వదిన ఏడవలేదు. శనివారం దాటిపోయిందని మాత్రం రెండుసార్లు అంది.

శ్మశానం నుంచి మేం ఎవరం తిన్నగా ఇంటికి పోం. మధ్యలో ఎక్కడైనా ఆగాలి. ఆగితే, వెంట వచ్చిన పోయినవాళ్ళు ఆ చోటే ఉండిపోతారు. మా ఊళ్ళో అందరూ ఆగేది రేవు దగ్గర బస్యా బేకరీలో. ఆ లెక్కన అక్కడ కాలు పెట్టే చోటు ఉండకూడదు. పోయిన మేయరు రొట్టె బాగా కాలలేదని ఇప్పటికీ సణుగుతాడని నేనే ప్రచారం చేశాను.

ఆ మధ్యాహ్నం అందరం అటే మళ్ళాం. వదిన మళ్ళలేదు.

"పెలాహియా!" అని బస్యా గుమ్మంలోంచి కేకేసింది. "కాఫీ పోశాను, రా. తిన్నగా పోకూడదే, వెంటొస్తాడు."

"అందుకే" అంది వదిన. అని నడుస్తూనే ఉంది.

నేను రొట్టె బల్ల మీద పడేసి వెనకాల పరిగెత్తాను. డెబ్భై ఏళ్ళవాడి పరుగు, అదీ శవయాత్ర కోసం అల్లుడి దగ్గర తీసుకున్న తోలు బూట్లలో.

"వదినా, కాస్త ఆగు!"

"ఆ మాట అనకు తెర్యో. ఆగితే ఆగిన చోటే కూలబడతాడు. నీకు తెలీదా మీ అన్న సంగతి?"

"సరే, ఆగొద్దులే. మెల్లగా పద."

"మెల్లగానే పోతున్నా. ఆయన మోకాళ్ళు మంచివి కావుగా."

ఊరి చివరి ఇంట్లో ముసలి కులాస్ అరటిపళ్ళ హస్తం పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. వదిన అతని చుట్టూ తిరిగి, పళ్ళు అందుకుని, నడుస్తూనే దణ్ణం పెట్టింది. కులాస్ నావైపు చూసి, "ఏమైందిరా, మతి పోయిందా?" అన్నాడు. "నీకెప్పుడు ఉంది కనుక పోవడం" అని నేనూ నడుస్తూనే జవాబిచ్చాను.

ఆపైన ఇళ్ళు లేవు. మబ్బు సముద్రం మీదికి దిగి ఉంది. నీళ్ళు కుడితి రంగులో ఉన్నాయి. మొగలాకులు గాలికి ఒకదాన్నొకటి గీసుకుంటున్నాయి. వదిన ముందుకే చూస్తూ గట్టిగా మాట్లాడుతోంది. "ఇక్కడ రాయి కదులుతుంది. కుడి పక్కన పెట్టు కాలు." నాక్కాదు చెబుతున్నది. "జాడీలు మూడు నిండాయి. నువ్వు లేవని దించకుండా ఊరుకోలేదు." కొంతసేపటికి నేనూ పక్కకి ఒదిగి నడుస్తున్నానని గమనించాను, మూడో మనిషికి దారి ఇస్తున్నట్టు. నమ్మానా అంటే చెప్పలేను. ఆవిడ మెడ నిటారుగా ఉంది. శ్మశానంలో అలా లేదు.

పీతమెట్టు చేరేసరికి పోటు వచ్చేసింది. అంచు మీదికి నీళ్ళు ఎక్కి జారుతున్నాయి. వదిన చెప్పులు చేతిలోకి తీసుకుని, వీపు కొండకి ఆనించి దాటుతోంది. నాలుగు బారలు వెనక నేను. బూట్లు విప్పమని నా బుద్ధే చెప్పింది. రాళ్ళ మీద మేజోళ్ళు చిరుగుతాయని విప్పలేదు. అది చాలు. అల వచ్చింది, అడుగు జారింది, ఎడమకాలు రాళ్ళ సందులోకి చీలమండదాకా దిగి ఇరుక్కుంది.

"తెర్యో!"

"నువ్వు పో వదినా! నేనొస్తా."

ఆవిడ పోలేదు, ఆగనూ లేదు. ఉన్న చోటే ఒక కాలు, ఒక కాలు ఎత్తి దించుతోంది, కాన్వెంటులో సిస్టర్లు చేయించిన డ్రిల్లులాగా. బెత్తెడు రాతి మీద, నల్లబట్టల్లో, చంకలో అరటిపళ్ళతో. ఇంకో రోజైతే ఆ బొమ్మ చెప్పి ఊరంతా నవ్వించేవాణ్ణి.

"లాగు కాలు!"

"లాగుతున్నా!"

"బూటు విప్పు!"

"చెయ్యి అందడం లేదు!"

రెండో అల నా నడుముదాకా వచ్చింది. ఇంకో పెద్దది వస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆవిడ కాళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. నా ముఖం చూసింది. తర్వాత వెనక్కి వచ్చి, నా పక్కన కూర్చుంది. పూర్తిగా, నడుముదాకా నీళ్ళలో, రాయి మీద కూర్చుని, సందులోకి చెయ్యి దూర్చి తాళ్ళు ఊడదీసింది. పరలోకజపం మూడుసార్లు చెప్పినంత సేపు పట్టింది. కాలు వచ్చింది. బూటు సముద్రం తీసుకుంది.

కాలు వచ్చినా ఆవిడ లేవలేదు.

"అయిపోయింది" అంది.

"ఇది ఆగడం కాదు వదినా" అన్నాను. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "నీళ్ళలో ఆగితే లెక్క లేదు. మా అమ్మమ్మ చెప్పేది. కాళ్ళ కింద ఉప్పునీళ్ళుంటే..."

"జీవితమంతా అబద్ధాలు బాగా ఆడావు తెర్యో. ఇది మాత్రం కుదరలేదు."

ఇల్లు చేరాక పొయ్యి వెలిగించి అన్నం వండింది. రెండు పళ్ళేలు పెట్టింది. ఒక్క క్షణం నా గుండె తేలికపడింది. అప్పుడు రెండోది నా ముందుకి జరిపింది.

ఆపైన ఆవిడ ఊళ్ళోకి వచ్చిన ప్రతిసారీ పీతమెట్టు మీద కావడి దించాక వెంటనే ఎత్తేది కాదట. కులాస్ కొడుకు గాలం వేస్తూ విన్నాడు. "ఇంత తడిలో ఎలా కూర్చుంటావు?" అని అడుగుతుందట. శ్మశానం నుంచి మళ్ళీ ఒకసారి నడిచి చూద్దామని నేనన్నాను. "వాళ్ళు ఒక్కసారే బయల్దేరతారు. ఫెర్రీయా, రోజూ తిరగడానికి?" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. ప్రతి నెలా నాకొక సీసా ఊరికే ఇచ్చేది, ఎప్పటిలాగే. నేను కాలి నొప్పి సాకు పెట్టి ఆ దారిన మళ్ళీ నడవలేదు.

మూడో ఏడు అక్టోబరు తుఫానులో పీతమెట్టు విరిగి పడిపోయింది. గాలి తగ్గిన మర్నాడు వదిన అటునుంచి విరిగిన చోటిదాకా వచ్చి, కింద నీళ్ళు చూసి, వెనక్కి వెళ్ళిందట. ఏమనుకుందో ఎవరూ అడగలేదు. అడగవలసినవాణ్ణి నేను. తర్వాత వెనిగర్ పడవలో వచ్చేది. ఆవిడ రావడం తగ్గిపోయింది.

ఏప్రిల్‌లో, సముద్రం పళ్ళెంలా ఉన్న రోజుల్లో, నిద్రలో పోయింది. పడవ మీద పేటిక పెట్టుకుని ఊరికి తెస్తున్నాం. కొండ తెల్లగా కొత్తగా విరిగి కనిపించే చోటికి రాగానే పడవ నడిపే అబ్దోన్ నావైపు చూశాడు.

"తాతా, ఇంజన్ ఆపనా?"

"ఆపు."

ఆపాడు. పడవ కొంచెం కొండవైపు తేలింది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఒక కొంగ కూడా లేదు. నేను పేటిక మీద చెయ్యి వేసి, వదినా వచ్చేశాం అని చెబుదామనుకున్నాను.

ఆ తర్వాత ఇంజన్ ఎంత లాగినా అంటుకోలేదని, గంటసేపు అక్కడే ఉండిపోయామని మీకు చెప్పాలని ఉంది. అబ్దోన్ తాడు లాగాడు. మొదటిసారికే అంటుకుంది.