ధాన్యం లోడు బరువు సున్నా

నరసన్నపేట దగ్గర హైవే పక్కనున్న కాటాలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. ఈ రోజు పొద్దున్న వెంకట సత్య సూర్యనారాయణ అనే రైతు ట్రాక్టర్ నిండా ధాన్యం తెచ్చాడు. తెర మీద తూకం సరిగానే కనిపించింది. పేరంతా ఇంగ్లీషులో కొట్టి చీటీ తీస్తే బరువు సున్నా.

"సూరి అని కొట్టమ్మా, సరిపోతాది," అన్నాడు కాటా ఓనరు తాపీగా.

"నా పేరెందుకు కోస్తావు బావూ? మిల్లులో ఈ ధాన్యం నాదని ఎవుడు నమ్ముతాడు?" అన్నాడు రైతు.

నాకు మండింది, కానీ అరవలేదు. ఫోన్లో చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను కనుక సంగతి అర్థమైంది. మెమరీలో పేరుకి కొంత చోటు, దాని పక్కనే బరువు ఉన్నాయి. పేరు ఆ చోట్లో పడుతుందో లేదో ఈ సాఫ్ట్‌వేర్ చూసుకోదు. మిగిలిన అక్షరాలు పొర్లి బరువు మీద పడతాయి. అవి అంకెలు కావు కనుక బరువు సున్నా అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేయమని ఓనరుతో అన్నాను.

"ఈపాటి దానికి ఫోనేటి?" అన్నాడు ఓనరు.

సరే, చూపిద్దామని, పేరు చోటు నిండేదాకా ఏవో అక్షరాలు కొట్టి, ఆపైన నాలుగు తొమ్మిదులు కొట్టాను. చీటీ మీద బరువు 9999 కిలోలు!

"ఓలమ్మో, పది టన్నులే! ఈ సీటీయే ఇచ్చేయ్ పాపా," అని రైతు చెయ్యి చాపాడు.

ఓనరు చీటీ లాక్కుని ఫోన్ తీశాడు. నేను పూర్తి పేరుతో, అసలు బరువుతో చేత్తో చీటీ రాసి రైతుకిచ్చాను.

రైతు ధాన్యం బరువు సున్నా అయితే పేరు కోసుకోమన్నారు. పది టన్నులు కాగానే సాఫ్ట్‌వేర్ తప్పు కనబడింది. మీ పేరు కూడా ఏ కంప్యూటరైనా కోసిందా? చెప్పండి.