తండాకొచ్చిన ఇద్దరు మేత్రాణులు

మొన్న భూపాలపల్లి బస్టాండు ముందు ఒక పాత జీపు డీజిల్ పొగ వదిలి వెళ్లింది. ఆ వాసనకు మా మేత్రాణులవారు గుర్తొచ్చారు. కాథలికులు బిషప్పును అలా పిలుస్తారు. నేను కాథలిక్కును కాను. మాది లింగాల ఘనపూర్‌లో వ్యవసాయ కుటుంబం. డిగ్రీ అయ్యాక ఆయన కార్యాలయంలో ఉద్యోగం దొరికింది. జనగామ నుంచి భూపాలపల్లి దాకా పల్లెల్లో చెదురుమదురుగా ఉన్న చర్చీలు ఆయన కింద ఉండేవి. వాటికి ఫాదర్లు ఎప్పుడూ చాలేవారు కారు.

ఒక చలికాలం, ఉత్తరాన మంచు కురిసే దేశం నుంచి ఒక మేత్రాణులు వచ్చారు. తమ దేశంలోనూ పొరుగు దేశాల్లోనూ కాథలికులు కొద్దిమందేనని, అందుకే ఆ దేశాల మేత్రాణులందరూ ఒకే సభగా కూర్చుని, ఉన్న ఫాదర్లను ఒకరికొకరు సర్దుకుంటారని చెప్పారు. ఇప్పుడు సర్దుకోవడానికీ ఎవరూ మిగల్లేదట. ఒక్కరిని ఇవ్వమని అడిగారు. అంత దూరం వెళ్లడానికి ఒప్పుకున్నది మహబూబాబాద్ దగ్గరి తండా చర్చి చూసే రాయన్న ఫాదర్ ఒక్కరే. మా మేత్రాణులవారు ఆయన్నే ఇచ్చేశారు.

వారం తిరక్కుండా ఆ తండా నుంచి కమ్లి అవ్వ కార్యాలయానికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మాకున్నదే ఒక్క ఫాదర్. గాయన్ను గూడ పంపిస్తివి. మాకెవరు బాపు?"

"ఆళ్లకు ఆ ఒక్కడు గూడ లేడు అవ్వ."

"గది సరే. మాకెవరు?"

"నేనొస్త," అన్నారాయన.

ఆమెను సాగనంపడానికి అన్న మాట అనుకున్నాను. ఆ ఆదివారం నుంచే జీపు తానే నడుపుకుంటూ వెళ్లారు. వానాకాలం బురదలోనూ ఆగలేదు. లంబాడీలో ప్రసంగం మొదలుపెడితే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారట.

రెండేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. సంగతి తెలిసి ఆ మంచు దేశపు మేత్రాణులు ఫోన్ చేశారు. రాయన్న ఫాదర్‌ను వెనక్కి పంపిస్తానన్నారు. నేను ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. "వద్దు," అని మాత్రం స్పష్టంగా అన్నారు. ఆ తర్వాత ఈస్టరు ముందటి ఉపవాస దినాల్లో, తన పనులు పొరుగు దేశపు మేత్రాణులకు అప్పజెప్పి, ఆ మంచు దేశపు మేత్రాణులే ఇక్కడికి వచ్చారు. ఆదివారం ఆదివారం తండాలో పూజ చేశారు. కమ్లి అవ్వ ఆ కబురు మోసుకుని మా మేత్రాణులవారి మంచం దగ్గరికి వచ్చింది.

"గాయనకు నీ అంత గూడ రాదు బాపు మా మాట," అంది.

ఆయన నవ్వారు. సగం ముఖమే నవ్వింది. ఆ వేసవి దాటలేదు.

ఇప్పుడు నేను వేరేచోట పదిమంది పని చూసే ఉద్యోగంలో ఉన్నాను. పక్క శాఖ వాళ్లు ఒక మనిషిని అడిగితే, మాకే చాలడం లేదన్న మాట నోటిదాకా వస్తుంది. అనేముందు, ఆ ఖాళీలో నేను కూర్చోగలనా అని చూసుకుంటాను. కొన్నిసార్లు కూర్చోలేను. అప్పుడు లేదనే చెప్తాను. కూర్చోగలిగితే మాత్రం మనిషిని పంపించేస్తాను.