సత్యవతి హాజరు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఈ అనుభవంలో బుద్ధిలేనివాడొకడున్నాడు, వాడు నేనే అని ముందే ఒప్పుకుంటున్నాను. లేని మనిషి పేరు హాజరు పట్టీలో రాసింది నేనే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మాది నంద్యాల దగ్గర గోస్పాడు. నేను కర్నూలులో బి.ఏ. చదివేవాణ్ణి. ఆ వేసవిలో యూనివర్సిటీ వాళ్లు ఆళ్లగడ్డ అవతల ఒక పల్లెలో సమాజసేవ శిబిరం పెట్టారు. ఒక్కో విద్యార్థి నెలరోజుల్లో పన్నెండుమంది పెద్దవాళ్లకు సంతకం నేర్పాలి. అప్పుడే సర్టిఫికెట్.

ఆ కాగితముంటేనే నాకు టీచరు ట్రైనింగులో సీటు. లేకపోతే ఎద్దుల తోకలు పట్టిస్తానని మా నాయన ముందే చెప్పాడు. మా లెక్చరర్ జయరాజు గారు చాలా నిక్కచ్చి మనిషి. పట్టీలో దొంగ పేరు ఒక్కటి కనబడినా సర్టిఫికెట్ చింపేస్తానన్నారు.

రోజూ మధ్యాహ్నం చావడిలో నా తరగతి. పలకలిచ్చి, అక్షరాలు రాసిచ్చి, నేను స్తంభానికి ఆనుకుని కళ్లు మూసేవాణ్ణి. మిగతావాళ్లు సేవ చేశారు, నేను సేద తీరాను.

ఆఖరి రోజు పొద్దున చూసుకుంటే పదకొండుమందే తేలారు. పట్టీలో పన్నెండో గడి ఖాళీ. ఆ ఊళ్లో ఎవరికీ లేని పేరు వెతికి రాశాను: సత్యవతి. అబద్ధానికి అంతకన్నా మంచి పేరు తట్టలేదు. వయసు నలభై. అబద్ధమన్నాక ఉప్పూకారం ఉండాలని, పక్కన ‘ఎడమచేతి వాటం’ అని కూడా చేర్చాను. పట్టీని ట్రంకులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. అడిగితే ‘శ్రీశైలం పోయింది సార్’ అనాలని మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

మధ్యాహ్నం జయరాజు గారు బస్సు దిగి వచ్చారు. నా పట్టీ అడిగి తీసుకుని పేర్లు చదవసాగారు. పదకొండుమందీ వరసగా బోర్డు మీద సంతకాలు చేశారు.

“సత్యవతి!”

నేను లేచాను. “సార్, ఆమె శ్రీ...”

“ఈడుండా,” అంది వెనకనుంచి ఒక గొంతు.

బక్కపల్చటి మనిషి. ఎర్రంచు నూలు కోక. జనంలోంచి నడిచొచ్చి సుద్దముక్క ఎడమ చేత్తో పట్టుకుంది. నాలుగక్షరాలూ నిదానంగా రాసింది. చివరి అక్షరం నచ్చలేదేమో, తుడిచి మళ్లీ రాసింది.

జయరాజు గారు మురిసిపోయారు. “ఇంత బాగా ఎట్లా నేర్చుకుంటివమ్మా?”

“దినామూ వస్తాండా గదయ్యా. ఆ సదువు చెప్పే అప్పే కండ్లు మూసుకోని ఉంటాడు.”

చావడంతా నవ్వింది. నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమె మెట్లు దిగగానే వెంట పరుగెత్తాను. వీధిలో ఎవరూ లేరు. వెనక్కొచ్చి ఆడవాళ్లనడిగాను. ఒకామె అంది: “మా ఎనకాలే కూర్చోనుండె గదప్పా, నెల్నాళ్లూ. మీ కాలేజోళ్లే పిల్చుకొచ్చినారనుకుంటిమి.”

నెల్నాళ్లు! నేను ఆమెను పుట్టించింది ఆ పొద్దునే.

శిబిరంలో నా పక్క మంచం బాషాకు అంతా చెప్పాను. “పక్కూరి కూలామె ఎవరో వచ్చిందిలేప్పా. సర్టిఫికెట్ వచ్చింది గదా, సప్పుడు చేయాకు,” అన్నాడు. సరే, కూలామే అనుకుందాం. ఆ పేరు ఆమెకెట్లా తెలుసు? ఆ ఎడమచెయ్యి ఎట్లా కుదిరింది?

చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. ఎవరూ ఎరగరు. తర్వాత ఎక్కడికెళ్లినా కుదురు లేదు. ఆళ్లగడ్డ బస్టాండులో, నంద్యాల సంతలో, ఆడవాళ్లు ఏ చేత్తో పనిచేస్తున్నారా అని చూడటం అలవాటైంది. “ఏందిరా, ఆడోళ్ల చేతులు చూస్తాండావ్?” అని రెండుసార్లు తిట్లు తిన్నాను. తరగతిలో కూర్చున్నా మెడ దానంతటదే వెనక్కి తిరిగేది.

మరుసటేడు శిబిరానికి అడిగి మరీ అదే పల్లెకు వెళ్లాను. ఈసారి ఒక్క మధ్యాహ్నం కూడా కునుకు తీయలేదు. పన్నెండుమందికీ చెయ్యి పట్టుకుని దిద్దించాను. పట్టీలో పదమూడో పేరు మాత్రం ఆమెది రాశాను. రోజూ గట్టిగా పిలిచేవాణ్ణి. చివరి వరసదాకా కళ్లు పెద్దవి చేసుకుని చూసేవాణ్ణి. ఒక్కనాడూ రాలేదు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నెలంతా ఎర్రసిరాతో గైర్హాజరు వేశాను. ఆఖరి రోజు ఆమె పేరు పక్కన, జయరాజు గారికి కనబడేటంత పెద్ద అక్షరాలతో రాశాను: ‘చదువు మీద శ్రద్ధ లేదు.’