సరస్సు ఊళ్ళో వన్స్ మోర్

“అంత మంది సైలెంట్‌గా కూర్చుంటే నువ్వు అరిచావు అమ్మమ్మా!”

“అరవలేదు. వన్స్ మోర్ అన్నాను.”

“దట్ ఈజ్ అరవడం! బాల్కనీ దాకా వినబడింది!”

“ఆయన పాఠం మరిచిపోయాడు. మనిషి అలా నిలబడిపోతే గుడ్లప్పగించి చూస్తూ కూర్చోమంటావా?”

“మరిచిపోలేదు! అది యాక్టింగ్! ఆ సైలెన్స్ కోసమే అందరూ టికెట్ కొనేది. నీకు ట్రైన్‌లో చెప్పాను కదా. నువ్వు పడుకున్నావు.”

“పడుకోలేదు. కళ్ళు మూసుకున్నాను.”

“రేపు ఆయన నాతో మాట్లాడకపోతే నా థీసిస్ ఏం అవుతుంది? టెల్ మీ!”

నేను శాలువా సర్దుకున్నాను. నాటకం సగంలో విరామం ఇచ్చారు. బయట ఇంకా ఎండ ఉంది. వేసవిలో ఆ ఊళ్ళో రాత్రి భోజనాల వేళ దాటినా పొద్దు గూకదు. జనం చల్లటి పానీయాలు చేతుల్లో పట్టుకుని మా ఇద్దరినీ ఓరగా చూస్తున్నారు. నాటకశాల మేనేజరు, పొట్టి జుట్టావిడ, మా దగ్గరికి వచ్చి మర్యాదగానే మాట్లాడింది. రేపటి సంగతి ఆయన్ని అడిగి చెబుతాననీ, తాను మాట ఇవ్వలేననీ అంది. అది విన్నాక నా మనవరాలి కళ్ళు ఎర్రబడ్డాయి.

ఆ ఊరికి వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి కూడా తెలియాలి కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

ఆయన పేరు నా నోటికి తిరగదు. తెనాలిలో మేము టోపీ దొర అనేవాళ్ళం. ఆదివారం పొద్దున ఇంగ్లీషు ఆట వేసే హాల్లో, పెళ్ళయిన కొత్తల్లో మావారు నన్ను తీసుకెళ్ళిన ఒకే ఒక్క ఇంగ్లీషు సినిమా ఆయనదే. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గుర్రం చచ్చిపోతే దాని పక్కన టోపీ తీసి కూర్చున్నాడు. ఎంతసేపటికీ మాట్లాడడు. రీలు ఆగిపోయిందనుకుని హాల్లో వాళ్ళు ఈలలు వేశారు. అంతే నాకు గుర్తు.

ఇప్పుడు అమెరికాలో, షికాగో దగ్గర అరోరాలో మా అమ్మాయి వాణి ఇంట్లో ఉంటున్నాను. దాని కూతురు సాహితి కాలేజీ ఆఖరి ఏడాది చదువుతోంది. ఈ టోపీ దొర సినిమాల మీదా నాటకాల మీదా పెద్ద వ్యాసం రాస్తోంది. ఆయన ఎవరికీ ఇంటర్వ్యూలు ఇవ్వడు. సాహితి ఏడాదిగా ఉత్తరాలు రాయగా రాయగా, మిషిగన్‌లో తాను వేస్తున్న ఆఖరి నాటకానికి వస్తే మర్నాడు పొద్దున కాసేపు కూర్చుంటానన్నాడు. ఆ నాటకం తరవాత స్టేజీ మానేస్తున్నాడు. వాణికి ఆఫీసు, అల్లుడు ఊళ్ళో లేడు. పిల్లని ఒక్కదాన్నీ పంపడం నాకు ఇష్టం లేదు. కారు అద్దెకు తీసుకుంటానంది. రైలుండగా కారెందుకన్నాను.

అరోరాలో కారు లేకపోతే పాలు కూడా ఇంటికి రావు, కానీ రైలు స్టేషను మాత్రం ఉంది. తెల్లవారుజామున వాణి మమ్మల్ని అక్కడ దింపింది. షికాగో వెళ్ళే ఆ రైల్లో పెద్దవాళ్ళకు టికెట్ తక్కువ. అడగందే ఇవ్వరు, అడగండి. షికాగో పెద్ద స్టేషనులో చెక్క బెంచీలు బాగుంటాయి. మంచినీళ్ళు ఇంటినుంచే తెచ్చుకోండి. అక్కడ సీసా నీళ్ళ ధర చూసి నేను నమ్మలేదు, సాహితిని మళ్ళీ చదవమన్నాను.

మిషిగన్ రైలు పొద్దున ఏడు దాటాక కదిలింది. కాసేపు ఉక్కు కార్ఖానాలు, ఆ తరవాత మొక్కజొన్న చేలు. పులిహోర డబ్బా తెరిచేసరికి వెనక సీటులోంచి ఒక పిల్ల తల పైకి లేచింది.

“అమ్మమ్మా, పులిహోరనా? వాసన పట్టేసిన!”

వరంగల్ పిల్లట. మిషిగన్‌లోని కలమజూలో ఎమ్మెస్ చదువుతోంది. ఆకు మీద పెట్టినట్టు మూతలో పెట్టి ఇచ్చాను.

“ఎటు పోతున్నరు?”

“నాటకానికి.”

“ఇంత దూరం నాటకానికా! ఫోన్ల సూస్తే అయిపాయె గద!”

“ఫోన్లో చూస్తే ఆయన నాతో మాట్లాడడు కదా,” అంది సాహితి.

“గట్లనా. అయితే పోవాల్సిందే,” అని ఆ పిల్ల ఇంకొంచెం పులిహోర పెట్టించుకుంది.

మా పక్క వరుసలో ఒక పెద్దాయన టోపీ దొర పేరు వినగానే ఇటు తిరిగాడు. తన భార్యను మొదటిసారి బయటికి తీసుకెళ్ళింది ఆయన సినిమాకేనట. ఆయనా, సాహితీ పోటీపడి చెప్పుకున్నారు. సాహితి మధ్యమధ్యలో నాకు తెలుగు చేసింది. టోపీ దొర మేము వెళ్తున్న సరస్సు ఊళ్ళోనే మొదలుపెట్టాడు. కుర్రతనంలో వేసవి నాటకాలకు తెరలకు రంగులు వేసేవాడు, కుర్చీలు మోసేవాడు. ఎవరో రాకపోతే ఒకరోజు చిన్న వేషం ఇచ్చారు. తరవాత న్యూయార్క్ వెళ్ళి ఏళ్ళ తరబడి నాటకాలు. ఆ తరవాత సినిమాలు: గుర్రాల మీద, టోపీల్లో. వయసు వచ్చాక తండ్రి వేషాలు, జడ్జి వేషాలు. పెద్ద బహుమతి కూడా వచ్చింది. అయినా నాలుగైదేళ్ళకోసారి సినిమా మానుకుని స్టేజీకి వచ్చేవాడు.

“డబ్బు తక్కువ వచ్చేదానికి తిరిగి రావడమెందుకు?” అన్నాను.

పెద్దాయన నవ్వి ఏదో అన్నాడు. సాహితి చెప్పింది: “సినిమాలో ఆయన్ని చూశాం, స్టేజ్ మీద ఆయన మనల్ని చూస్తాడు అంటున్నారు.”

ఆ తరవాత సాహితి టోపీ దొర మౌనం గురించి చాలా చెప్పిందట. మాట్లాడకుండా ఆయన చేసేదే ఆయన గొప్పట. నేను కళ్ళు మూసుకున్నది అప్పుడే.

ఇండియానా దాటాక గడియారం గంట ముందుకు తిప్పాలన్నారు. మిషిగన్‌లో టైము వేరు. ఏ పనీ చెయ్యకుండా గంట పోవడం నాకు నచ్చలేదు. కలమజూలో రైలు స్టేషనూ బస్సు స్టేషనూ ఒకే చోట ఉన్నాయి, బరువులు మొయ్యక్కర్లేదు. కానీ సరస్సు ఊరికి బస్సులు తక్కువ. ముందే టైము కనుక్కుని బయలుదేరండి.

ఆ ఊళ్ళో ఒక ముసలావిడ తన ఇంట్లో మేడ మీద గది అద్దెకిస్తుంది. పక్కలు శుభ్రంగా ఉన్నాయి, కాఫీ పలచన. స్నానాలు చేసి, మిగిలిన పులిహోర తిని నాటకానికి నడిచే వెళ్ళాం. శాలువా తప్పనిసరి. వేసవి అయినా హాల్లో చలి వణికిస్తుంది.

నాటకంలో ఆయన ముసలి పడవవాడు. సరస్సులో చేపలు పట్టే పడవని అమ్మేస్తున్నాడు. అది ఎలా కట్టాడో కొనేవాడికి చెబుతాడు. కూలిపోయిన కొట్టం దూలాలు తెచ్చాననీ, వంటింట్లో రంగు కలిపాననీ, అందువల్ల చలికాలమంతా తిండిలో రంగు వాసనేననీ. ఈ మాటలు సాహితి తరవాత చెప్పినవే, అప్పుడు అర్థం కాకపోయినా ఆ చేతులు చూస్తే పడవ కనబడింది. కొనేవాడు కాగితం తీసి, “పడవ పేరేమిటి?” అన్నాడు.

ముసలాయన నోరు తెరిచాడు. మూశాడు. ఒక చెయ్యి బల్ల అంచు పట్టుకుంది.

మా నాన్న తెనాలిలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నేను చిన్నప్పుడు ఆయన పక్కనే చాప మీద కూర్చుని చూసేదాన్ని. రాజువేషం వేసినవాడికి తరవాతి పద్యం జారిపోతే సరిగ్గా అలాగే చేతికి దొరికింది పట్టుకునేవాడు, కిరీటమో, గదో. అప్పుడు ముందు వరుసలో తెలిసినవాళ్ళు ఎవరో “వన్స్ మోర్!” అనేవారు. జనం మెచ్చుకున్నారనే అనుకునేవారు అందరూ. వేషగాడు అంతకు ముందు పద్యమే మళ్ళీ ఎత్తుకునేవాడు. అది పాడుతూండగా తరవాతది నోటికి వచ్చేది. మా నాన్న జ్వరంతో రాని రోజు ముందు వరుసలో కూర్చుని, రాజువేషం వాడు ఆగిపోతే నేను కూడా అరిచాను. అతని పరువు నిలిచింది.

అందుకే అరిచాను. ఆలోచించి అరవలేదు.

హాలంతా తిరిగి చూసింది. కొందరు నవ్వారు. ఆయన మాత్రం నా వైపు చూడలేదు, నవ్వినవాళ్ళ వైపూ చూడలేదు. బల్ల అంచు అలాగే పట్టుకుని నవ్వులు చల్లారేదాకా నిలబడి, అప్పుడు “మార్తా” అన్నాడు. అది నాటకంలో చచ్చిపోయిన ఆయన భార్య పేరు. నా వెనక ఎవరో ముక్కు చీదారు. ఇది మరుపు కాదేమోనని నాకు అప్పుడే అనిపించింది, విరామంలో సాహితి ముందు ఒప్పుకోలేదంతే.

విరామంలో జరిగిన తగువు పైనే చెప్పాను. రెండో సగం నేను పెదవి కదపకుండా చూశాను. గదికి వచ్చాక సాహితి గోడ వైపు తిరిగి పడుకుంది. “నేను రేపు ఆయనకు క్షమాపణ చెబుతాను,” అన్నాను. “నువ్వు రాకు. ప్లీజ్,” అంది.

మర్నాడు పొద్దున మేనేజరు ఫోన్ చేసింది. ఆయన వస్తున్నాడట. అరిచినావిడని కూడా తీసుకురమ్మన్నాడట.

నాటకశాల వెనక, తెరలు ఆరబెట్టే పెరట్లో ఒక బెంచీ ఉంది. ఆయన తన కాఫీ తానే తెచ్చుకుని వచ్చాడు. సినిమాలో కన్నా పొట్టిగా ఉన్నాడు. టోపీ లేదు. సాహితి ఫోన్ బెంచీ మీద పెట్టి రికార్డు చేస్తాననగానే తలూపాడు. కానీ ముందు నన్నే అడిగాడు, ఎందుకు అరిచారని.

నేను తెలుగులో చెప్పాను, సాహితి ఇంగ్లీషు చేసింది. మా నాన్న హార్మోనియం, జారిపోయిన పద్యం, ముందు వరుసలో అరిచేవాళ్ళు, అన్నీ. సాహితికి కూడా ఇవి నేనెప్పుడూ చెప్పలేదు. చెబుతూ చెబుతూ అది నా వైపు తిరిగి, “నిజంగానా అమ్మమ్మా?” అంది. “నేను అబద్ధాలు చెబుతానా?” అన్నాను. తప్పయింది, క్షమించమని ఆయనకు చెప్పమన్నాను. చెప్పింది.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. ఫోన్ వైపు చూశాడు. సాహితి ఎవరూ అడగకుండానే దాన్ని ఆపేసి సంచిలో పెట్టింది. ఏడాది కష్టపడి తెచ్చుకున్న అవకాశం అది.

అప్పుడు ఆయన చెప్పాడు. ఆ పేరు చెప్పే ముందు ఆగడం నాటకంలో ఉన్నదే. దాదాపు యాభై ఏళ్ళుగా సినిమాల్లోనూ, నాటకాల్లోనూ అలా ఆగడమే తన పేరు నిలబెట్టింది. కానీ ఈ వేసవి నుంచి, ఆగాక కొన్ని రోజులు ఆ పేరు నిజంగానే రావడం లేదు. చూసేవాళ్ళకు తేడా తెలియదు. నిన్న రాత్రి కూడా అంతే. “ఈమధ్య రెండిటికీ తేడా నాకే తెలియడం లేదు. అందుకే మానేస్తున్నా,” అన్నాడు. ఆఖరి ఆట అయిపోయేదాకా ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఆ ఆట అయిపోయింది, సాహితి తన వ్యాసం కోసం ఆయన్ని అడిగితే ఇప్పుడు రాసుకోమన్నాడు కూడా. అందుకే నేనూ రాస్తున్నాను.

సాహితి తన ప్రశ్నలు అడిగింది. కాగితం మీద రాసుకుంది. అనుకున్నదానికన్నా ఎక్కువసేపే కూర్చున్నాడు. లేచేముందు, మీ ఊళ్ళో ఎలా చేస్తారో చూపించమన్నాడు. నాకు సిగ్గేసింది. అరవడానికి ముందు ఆయన ఆడాలి కదా అన్నాను. సాహితి నవ్వుతూ చెప్పింది.

సరేనని ఆ పెరట్లోనే మొదలుపెట్టాడు. కొట్టం దూలాలు, వంటింట్లో రంగు, చలికాలం భోజనం. సాహితి కొనేవాడి మాట అంది: “పడవ పేరేమిటి?”

ఆయన ఆగాడు. చెయ్యి బెంచీ అంచు మీదికి వెళ్ళింది. తెరల మీద గాలి తగులుతోంది. నా నాలుక చివర దాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేశాను. ఆయన మా ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాడు. ఆ కళ్ళల్లో నాటకం లేదు.

“వన్స్ మోర్,” అంది సాహితి.

ఆయన మళ్ళీ కొట్టం దూలాల దగ్గర ఎత్తుకున్నాడు. ఈసారి పేరు దగ్గర ఆగలేదు.

తరవాత మేము గదికి వచ్చి సంచి తీసుకున్నాం. ముసలావిడ డబ్బాలో రెండు ఆపిల్ పండ్లు పెట్టింది. బస్సు వేళకే వచ్చింది. కలమజూలో రైలెక్కాక సాహితి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది, ఈసారి కళ్ళు మూసుకోవడం కాదు, నిద్రే. ఇండియానా దగ్గర టికెట్ చూసే ఆయన గడియారం గంట వెనక్కి తిప్పుకోమన్నాడు. పోయిన గంట తిరిగి వచ్చింది. పిల్ల లేస్తుందని చెయ్యి కదపకుండా, గడియారం షికాగో వచ్చాకే తిప్పాను.