పేరు పడ్డ బిందె

ఆ రోజుల్లో తెలివితేటలంటే బేరమాడటమే అనుకునేవాణ్ని. ఇప్పటికీ పెద్దగా మారలేదు గానీ, అప్పుడు దానికి వయసు కూడా తోడయింది. అందుకే కాస్త గొప్పగానే చెప్పుకుంటున్నాను: పోటీ జరక్కముందే, జడ్జీలు కుర్చీల్లో కూర్చోకముందే, మొదటి బహుమతి మీద సొంత పేరు కొట్టించుకున్న మొనగాణ్ని రాజమండ్రి మొత్తంలో నేనొక్కణ్నే. ఇంకెవరైనా ఉంటే వచ్చి చెప్పొచ్చు, ఇద్దరం కలిసి ఏడుద్దాం.

మాది మెయిన్ రోడ్డు సందులో స్టీలు సామాన్ల కొట్టు. కింద నాన్నగారు గిన్నెలు అమ్మేవారు, మేడ మీద గదిలో నేను వీడియో గేములు ఆడించేవాణ్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. నాలుగు పాత కంప్యూటర్లు, రెండు టీవీలు, అరగంటకి ఐదు రూపాయలు. బడి వదలగానే పిల్లలు మా మెట్ల మీద దబదబా పరిగెత్తేవారు. ఆ చప్పుడు నాకు సంగీతం, కింద నాన్నగారికి తలనొప్పి. ఎందుకంటే ఆ పిల్లల తల్లులే ఆయన ఖాతాదార్లు. మేడ మీద నేను ఐదు రూపాయలు సంపాదిస్తే కింద ఆయన కుక్కరు బేరం పోయేది. "మీ అబ్బాయి మా పిల్లల్ని పాడు చేస్తుంటే మేం మీ దగ్గర గరిటె కూడా కొనం" అని ఆడవాళ్ళందరినీ కూడగట్టుకొచ్చిన నాయకురాలు ఒకావిడ ఉండేది. గంగాళం పిన్నిగారని మేం పెట్టుకున్న పేరు, తర్వాత బజారంతా అదే పిలుపు. (వెనకటికి ఒక గంగాళం కోసం నాలుగు రోజులు వరసగా వచ్చి బేరమాడితే, ఐదో రోజు నాన్నగారు దండం పెట్టి ఆవిడన్న ధరకే ఇచ్చేశారు. మూత ఊరికే పట్టుకెళ్ళింది.)

"నెలాఖరులోగా ఆ డబ్బాలు దించెయ్. వచ్చి గల్లా దగ్గర కూర్చో" అన్నారు నాన్నగారు.

"మంచి ఆటలు కూడా ఉంటాయి నాన్నగారూ. మనుషులకి బాధ్యత నేర్పేవి."

"అలాగా. ఆ మాట సంఘంలో నలుగురి చేత చెప్పించు, అప్పుడు ఉంచుకుందువు గాని."

ఆ 'నలుగురి చేత' అన్న మాట నన్ను పట్టుకుంది. నేరుగా వర్తక సంఘం ప్రెసిడెంటు గారి దగ్గరికి పోయాను. ఆయనది పప్పుల టోకు వ్యాపారం కాబట్టి ఊళ్ళో అందరికీ పప్పుల ప్రెసిడెంటు గారే. సంఘం వార్షికోత్సవంలో ఏటా ముగ్గుల పోటీ, వ్యాసరచన పోటీ తప్ప ఇంకోటి ఉండదు కదండి, ఈసారి సమాజానికి మేలు చేసే వీడియో గేముకి గుర్తింపు ఇద్దామండి, బహుమతిగా మా కొట్టు నుంచి పెద్ద స్టీలు బిందె ఇస్తామండి అన్నాను. ఆయన చాలాసేపు కందిపప్పు చేత్తో ఆడించి, "బిందె ఊరికేనా?" అన్నారు. ఊరికేనండి అన్నాను. "అయితే మేలే చేస్తుంది" అన్నారు. ఇక్కడి దాకా నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. కానీ వచ్చేస్తుంటే వెనక నుంచి కేకేశారు. "జడ్జీలు నేనూ, గంగాళం పిన్నిగారూ. తిట్టే మనిషే తీర్పు చెప్తే రేపు నోరెత్తేవాళ్ళుండరోయ్."

సరే, నాకు ఒక మంచి ఆట కావాలి. కాకినాడలో ఇంజినీరింగు చదివే కుర్రాడొకడు సొంతంగా ఆటలు చేస్తున్నాడని తెలిసి బస్సెక్కాను. వాడు చేసిన ఆట పేరు 'చెత్త ఎత్తు'. వీధిలో బొమ్మ మనిషి నడుస్తూ అరటి తొక్కలూ, కాగితాలూ ఏరి డబ్బాలో వేస్తాడు. ఒక్కోదానికి పది పాయింట్లు. చూడగానే నాకు కళ్ళు చెమర్చాయి (బిందె గుర్తొచ్చి). వాడు ఏడు వందలన్నాడు, నేను రెండు వందల యాభై అన్నాను. లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఐదు వందలకి దిగాడు. అక్కడ ఆగితే నేను మా నాన్నగారి కొడుకునెలా అవుతాను?

"ఇంకో నూటయాభై తగ్గించు."

"అలాగైతే కొంత పని తీసెయ్యాలండి. ఇందులో చెత్త కింద పారేస్తే ఇరవై పాయింట్లు కోసేసే ఏర్పాటు పెడదామనుకున్నానండి. అది రాయడానికే రెండు రోజులు పడుతుంది."

"మంచి పని నేర్పే ఆటలో కోతలెందుకయ్యా? పిల్లలు బాధపడరూ? అది తీసెయ్. మూడొందల యాభై."

వాడు నా మొహం వంక ఒక్క క్షణం చూసి, "ఆయ్, మీ ఇష్టమండి" అన్నాడు. మరుసటి వారం మళ్ళీ వెళ్ళి సీడీ తెచ్చుకున్నాను. వాడి చూపుకి అర్థం నాకు తర్వాత తెలిసింది.

కంప్యూటర్లున్నది నా దగ్గరే కాబట్టి ఎంట్రీలు నాకే ఇవ్వాలి. పోటీకి గడువు ఇంకో రోజుందనగా అప్పటికి వచ్చిన ఎంట్రీ నాదొక్కటే. పేర్లు కొట్టే మిషను మా కొట్లోనే ఉంది. కొన్న సామాను మీద పేరు ఊరికే కొట్టివ్వడం మా కొట్టు మర్యాద. దాని పక్కనే నాన్నగారు రాయించిన బోర్డు: పేరు పడ్డ సామాను వెనక్కి తీసుకోబడదు. ఆ బోర్డు కిందే కూర్చుని, నాన్నగారు భోజనానికి వెళ్ళిన వేళ, బిందె మెడ చుట్టూ 'ప్రథమ బహుమతి, చెత్త ఎత్తు' అనీ, కింద నా పేరు ఇంటిపేరుతో సహా కొట్టించాను. ఎర్ర రంగు కాగితం చుట్టి దాచాను. ఆ సాయంత్రం ఆడపిల్లల బడిలో కంప్యూటరు చెప్పే టీచరమ్మ వచ్చి, తనూ ఎనిమిది మంది పిల్లలూ కలిసి చేసిన ఆటండి అంటూ ఒక ఫ్లాపీ ఇచ్చింది. పెట్టి చూశాను. నల్లటి తెర మీద ఒక నీలం గీత, రెండు ఆకుపచ్చ గళ్ళు. బొమ్మ లేదు, పాట లేదు. పాపం అనుకున్నాను. అయినా జాగ్రత్త కోసం మర్నాడు పిన్నిగారు ఇడ్లీ పాత్ర కొనడానికొస్తే, అడక్కుండానే అరవై రూపాయలు తగ్గించాను. ఆవిడ పాత్ర తిప్పి తిప్పి చూసి, "ఏంటబ్బాయ్, చిల్లు గాని ఉందా?" అంది.

వార్షికోత్సవం నాడు సంఘం హాలు నిండిపోయింది. ముందు వరసలో నాన్నగారు. బల్ల మీద నా కంప్యూటరు, పక్కన ఎర్ర కాగితంలో బిందె. మొదట 'చెత్త ఎత్తు'. పిన్నిగారు ఏ మీట నొక్కితే ఏమవుతుందో అడిగి తెలుసుకుని ఆడటం మొదలెట్టింది. నాలుగు తొక్కలు ఏరింది. నలభై. నేను నాన్నగారి వైపు చూసి తలాడించాను. అప్పుడు పొరపాటున ఏదో మీట తగిలి ఒక తొక్క మళ్ళీ రోడ్డు మీద పడింది. పాయింట్లు తగ్గలేదు. ఆవిడ తీసింది. పది పెరిగింది. ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. ఆ చూపు నాకు తెలుసు, గంగాళం నాటి చూపు. పారేసింది, తీసింది. పారేసింది, తీసింది. బొమ్మ మనిషి ఒక్క అడుగు కూడా కదలకుండా ఒకే అరటి తొక్కతో పది నిమిషాల్లో వెయ్యి పాయింట్లు చేసింది. వీధి నిండా చెత్త ఎక్కడిదక్కడే ఉంది.

"ఇది సమాజసేవ కాదబ్బాయ్. కాంట్రాక్టు పని" అంది ఆవిడ.

హాలు పగలబడి నవ్వింది. ఆ నూటయాభై రూపాయలు ఎక్కడికి పోయాయో నాకు అప్పుడర్థమైంది.

తర్వాత టీచరమ్మ ఆట. ఇద్దరు కలిసి ఆడాలండి అందావిడ. నీలం గీత కాలువ. మొదట్లో ఉన్న గడి ఎగువ ఊరు, తమ పొలాల్లోకి నీళ్ళు మళ్ళించే తూము తెరవడం మూయడం వాళ్ళ చేతిలో. చివర ఉన్నది శివారు ఊరు, కాలువలో పేరుకున్న గుర్రపుడెక్క తీయడానికి మనుషుల్ని పంపడం వాళ్ళ చేతిలో. డెక్క తీస్తే నీళ్ళు పెరుగుతాయి, తూము మూస్తేనే కిందికి వస్తాయి. ప్రెసిడెంటు గారు ఎగువ, పిన్నిగారు శివారు. (నిజంగానే ఆయన పొలాలు లాకుల పక్కన, ఆవిడ పుట్టిల్లు సముద్రం దగ్గర శివారు.)

"మరి గెలిచేదెవరండి?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఇద్దరూనండి. లేకపోతే ఎవరూ కాదండి."

"ఇద్దరూ గెలిస్తే అదేం ఆటమ్మా!" అంటూనే ఆయన తూము బార్లా తెరిచారు. శివారు గడి ఎండి గోధుమరంగుకి తిరిగింది. కాసేపటికి ఆయన గడి మునిగి కుళ్ళిపోయింది. ఆట అయిపోయింది, ఇద్దరికీ సున్నా.

"చూశారా అన్నయ్యగారూ, మీరెప్పుడూ ఇంతే!" అని లేచింది పిన్నిగారు, ఆయన ఏదో నిజంగా ఆవిడ పుట్టింటి వరి ఎండబెట్టినట్టు. రెండోసారి ఆవిడ పంతం పట్టి మనుషుల్ని పంపలేదు. మళ్ళీ సున్నా. మూడోసారి ఇద్దరూ మీటల మీద చేతులు పెట్టి తెర చూడటం మానేసి ఒకరినొకరు చూసుకున్నారు.

"పది మందిని పంపుతాను. నాలుగు రోజులు తూము మూయండి."

"ఇరవై మందిని పంపు చెల్లెమ్మా. రెండు రోజులు."

"పదిహేను. మూడు. ఇంకో మాట లేదు."

"సరే కానీ."

హాల్లో మూడొందల మంది వర్తకులు ఊపిరి బిగబట్టారు. ఇంత మంచి బేరం వాళ్ళు తమ కొట్లలో కూడా చూసి ఉండరు. రెండు గళ్ళూ పచ్చబడి, పండి, బంగారు రంగుకి తిరిగాయి. చప్పట్లే చప్పట్లు. నీకీ ఆలోచన ఎలా వచ్చిందమ్మా అనడిగితే టీచరమ్మ, "మాదీ శివారేనండి. మా నాన్నగారు ఏటా తూము దగ్గర తగువుకి వెళ్ళేవారు. తగువు లేకుండా కుదురుతుందేమో, పిల్లలతో లెక్కేసి చూశానండి" అంది. ఇంక తీర్పు అక్కర్లేదు.

ప్రెసిడెంటు గారు బిందె అందుకున్నారు. నేను "కాగితం ఇంటికెళ్ళాక విప్పుకోవచ్చండి" అన్నాను. ఎవరు వింటారు? విప్పి, మైకులో గట్టిగా చదవడం మొదలెట్టారు. ప్రథమ బహుమతి... చెత్త ఎత్తు... ఆ తర్వాత నా పేరు, ఇంటిపేరుతో సహా.

"తీర్పు ఇప్పుడే కదా చెప్పాం. బిందెకి ముందే ఎలా తెలిసిందబ్బాయ్?" అంది పిన్నిగారు.

నాన్నగారు లేచి కొట్టుకి వెళ్ళారు. ఇంకో బిందె, నాదానికంటే పెద్దది, దాంతోపాటు పేర్లు కొట్టే మిషనూ మోయించుకొచ్చారు. హాల్లోనే ప్లగ్గు పెట్టించి, ఎనిమిది మంది పిల్లల్నీ వరసగా పిలిచి, "ఇంటిపేరు కూడా చెప్పమ్మా, పొల్లు పోకూడదు" అని ఒక్కో పేరే కొట్టారు. గుర్రుమంటూ మిషను అరగంట తిరిగింది, ఒక్కరూ లేవలేదు. మా కొట్లో ఆడపిల్లల పేర్లు పెళ్ళి సామాన్ల మీదే పడేవి. చేసిన పనికి పేరు పడటం నేను చూడటం అదే మొదలు. చివరి పిల్ల బిందె మీద తన పేరు వేలితో తడిమి చూసుకుంది. నాకు అవమానంతో చెవులు కాలిపోతున్నాయి గానీ, ఆ వేలు మాత్రం గుర్తుండిపోయింది.

ఇంతకీ నా గది మూతపడలేదు. ఒక కంప్యూటరులో ఈ కాలువ ఆట ఊరికే ఆడించాలి, మిగతావి నీ ఇష్టం అని పిన్నిగారు తీర్పు చెప్పింది. బతికిపోయాననుకున్నాను. మర్నాడు సాయంత్రం ఆవిడా ప్రెసిడెంటు గారూ వచ్చారు. ఆ మర్నాడు ఇంకో నలుగురిని తెచ్చారు. ఎగువ వాళ్ళొక పక్క, శివారు వాళ్ళొక పక్క, కేకలు, టీలు, "తూము ముయ్యవయ్యా!" అన్న అరుపులు. ఒకటి చాలక నాలుగు కంప్యూటర్లలోనూ అదే పెట్టించారు. నాన్నమ్మలూ తాతయ్యలూ కూర్చున్న చోటికి పిల్లలు వస్తారా? మూడు నెలల్లో ఐదు రూపాయల బిళ్ళ మొహం చూడటం మర్చిపోయాను. నా అంతట నేనే దిగొచ్చి గల్లా దగ్గర కూర్చున్నాను. నాన్నగారు కాస్త జరిగి చోటిచ్చారు, అంతే.

ఇప్పుడా గల్లా నాది, బోర్డూ నాదే. నా బిందె ఇంట్లో బియ్యం పోసుకోవడానికి పనికొస్తోంది. ఈ మధ్య ఎవరో కుర్రాడు కుక్కరు ధర సగానికడిగి, ఇవ్వనంటే లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేస్తుంటే, వాడి మీద కోపం రాలేదు. నవ్వొచ్చింది. రాత్రి బియ్యం తీస్తూ చాలా ఏళ్ళ తర్వాత లెక్క వేసుకున్నాను.

కాకినాడ కుర్రాడికి మూడు వందల యాభై. రెండుసార్లు రానుపోను బస్సు, ఎనభై. ఇడ్లీ పాత్ర మీద తగ్గింపు, అరవై. బిందె, నాన్నగారు కొడుకని చూడకుండా, బోర్డు ప్రకారం వెనక్కి తీసుకోకుండా వసూలు చేసిన పూర్తి ధర, నాలుగు వందల పది. పేరు కొట్టినందుకు మాత్రం ఏమీ తీసుకోలేదు, అది కొట్టు మర్యాద. మొత్తం తొమ్మిది వందలు. బేరంలో మిగుల్చుకున్నది నూటయాభై. అదిచ్చేసి ఉంటే గెలిచేవాణ్నా అంటే, లేదండి. అప్పుడు కూడా బిందె ఆ ఎనిమిది మందిదే.