చల్లటి పొగ

ఆఫీసులో ఆమెకు పేరుంది గానీ, అపార్టుమెంటులో మాత్రం అందరికీ 'పొగమ్మే'. డీజిల్ వాసన బట్టలకే కాదు, జుట్టుకీ పట్టేసేది. లిఫ్టు దగ్గర పక్కవాళ్ళు, "మీరెళ్ళండి, మేం తర్వాత వస్తాం" అనేవారు. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత తనే మెట్లెక్కడం అలవాటు చేసుకుంది.

ఇంజిన్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లకు విరుగుడు వెతకడం ఆమె పని. వాటిని విరగ్గొట్టే కెటలిస్టు వేడెక్కితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ దానిది కుంభకర్ణుడి నిద్ర. పొగను ముందుగా ఒక గాజుగొట్టంలో, కరెంటుతో పుట్టించిన ఊదారంగు ప్లాస్మాలోంచి పంపితే, ఆ వాయువులు రూపు మారి చల్లటి కెటలిస్టుకు కూడా లొంగుతాయని ఆమె నమ్మకం.

ఆ మాట నమ్మేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ఏళ్ళ తరబడి పక్కన పనిచేసిన ఇంజినీరు కూడా బ్యాటరీల కంపెనీకి వెళ్ళిపోతూ, "ఇంజిన్లే పోయే కాలం వచ్చిందక్కా. ఇంకా ఈ పొగ పట్టుకుని వేలాడతావేంటి?" అన్నాడు.

"అవి పోయేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుందామా?" అని నవ్వింది. ఆ తర్వాత అతని కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దానిమీద పాత గొట్టాలు పెట్టుకుంది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆఫీసు ల్యాబులో చల్లటి ఇంజిన్ స్టార్టు చేసి ప్లాస్మా వేసింది. పొగలోని ఆక్సైడ్లను కొలిచే మీటరులో అంకె దబ్బున పడిపోయింది. ఎక్కడో లీకై ఉంటుందనుకుని ప్రతి అతుకుకూ సబ్బునీళ్ళు రాసి చూసింది. ఇంజిన్ చల్లారాక మళ్ళీ నడిపింది. ప్లాస్మా ఆపితే అంకె లేచింది, వేస్తే పడింది.

చెల్లెలికి ఫోన్ చేసింది.

"పనిచేసిందే!"

"ఏంటి, గీజరా?"

"కాదే, నా ప్లాస్మా. పొగ చల్లగా ఉన్నా కూడా..."

"అబ్బ, మంచి మాట చెప్పావు! పిల్ల ఏడుస్తోందక్కా, మళ్ళీ చేస్తా. తిన్నావా?"

"తిన్నా," అంది. తినలేదు.

ఉండబట్టలేక గేటు దగ్గర వాచ్‌మన్‌ను పిలుచుకొచ్చింది. అతను గొట్టం చివరకు వంగి, "ఏమీ కనపడట్లేదు కదమ్మా?" అన్నాడు.

"ముందు కూడా కనపడేది కాదులే."

అతనికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమె మొహం చూసి నవ్వాడు.

కార్ల కంపెనీలు ఆ పరికరం వైపు కన్నెత్తి చూడలేదు. కరెంటు తింటుందన్నారు. చివరికి ఏటికి అటూ ఇటూ తిరిగే ఒక లాంచీ యజమాని బిగించి చూస్తానన్నాడు. ఆగి ఆగి నడిచే ఆ ఇంజిన్ ఏనాడూ సరిగా వేడెక్కేది కాదు.

బిగించిన మర్నాడు టికెట్ కొనుక్కుని లాంచీ ఎక్కింది. జనమంతా అలవాటు కొద్దీ ముందువైపే కిక్కిరిశారు. పొగగొట్టం పక్క బెంచీ మీద ఆమె ఒక్కతే కూర్చుంది. లాంచీ కదిలింది. కళ్ళు మండలేదు. ఆ మాట ఎవరితోనైనా అనాలని చుట్టూ చూసింది. నీళ్ళు తప్ప ఏమీ లేవు.

చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ చోటు వెతుక్కుంటూ వచ్చి, తటపటాయిస్తూ, "ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?" అనడిగింది.

"ఎవరూ లేరు, కూర్చోండి," అంటూ పక్కకు జరిగింది.

అవతలి ఒడ్డు చేరేలోపే పిల్ల తల్లి భుజం మీద నిద్రపోయింది.