రెండు వీధుల కాఫీ పొడి

పోయిన వారం మా ఇంటికి ఎస్ప్రెసో మిషను వచ్చింది. రిటైరైనప్పటి నుంచి మా ఆయనకు ఫోనులో కాఫీ వీడియోలు చూడటమే పని. పెద్ద మిషను కొందామని ఆయన, మిషను చిన్నదైనా ఫరవాలేదు, గింజలు ఆడించే గ్రైండరు మంచిది కావాలని నేను, నెల రోజులు వాదించుకొని చివరికి నా మాటే నెగ్గించుకున్నాను. తీరా మొదటి రోజు పొడి మరీ మెత్తనై చుక్క దిగలేదు, రెండో రోజు బరకగా పడి నీళ్లలా కారిపోయింది, ఆయన మిషనును తిట్టాడు, నేను ఆయన్ను తిట్టాను. ఆపైన చిటికెడు పొడి తీసుకొని వేళ్ల మధ్య నలిపి చూసి గ్రైండరును ఒక్క గీత తిప్పితే, తేనె రంగు ధార సన్నగా దిగింది. అట్లా నలిపి చూడటం నాకు నేర్పింది మా అత్త.

పెళ్లైన కొత్తలో నాకు జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా అత్త ఒకప్పుడు మిషనరీల బంగళాలో వంట చేసిన మనిషి. అక్కడి దొరసాని తమ దేశానికి పోతూ ఇచ్చిన, బల్ల అంచుకు బిగించి పిడి పట్టుకొని తిప్పే కాఫీ మిల్లును ప్రాణంలా వెంట తెచ్చుకుంది. ఆ ఊర్లో పైవీధి ఒక పార్టీ, కిందవీధి ఒక పార్టీ. మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఎవరింట్లో కాఫీ తాగితే వాళ్ల మనిషి కిందే లెక్క, గిట్టనివాళ్ల ఇంట్లో ఏం కలిపి పెడతారోనని మంచినీళ్లు కూడా ముట్టని రోజులవి. మేము వేముల నుంచి వచ్చి చర్చికి పోయేవాళ్లం, ఏ పార్టీకీ చెందని వాళ్లం, కాబట్టి రెండు పార్టీల పెద్దల ఇళ్ల నుంచీ వేయించిన గింజలు ప్రతి శనివారం మా ఇంటికే వచ్చేవి. పైవీధి పొడిలో చికోరి కలపాలి, కిందవీధి పొడిలో కలపకూడదు.

ఇట్లుండగా పైవీధి పెద్దాయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆమె, ప్రొద్దుటూరు నుంచి మూత మీద నెమలి బొమ్మ ఉన్న స్టీలు డబ్బా తెప్పించింది. కిందవీధి అక్క ఊరుకుంటుందా, మరుసటి వారానికి అదే అంగడి నుంచి అదే నెమలి డబ్బా దిగింది. మా అత్తకేమో ముందు వచ్చేది పైవీధి మనిషి, వెనక వచ్చేది కిందవీధి మనిషి అని అలవాటు. ఒక శనివారం వాళ్లు తిరగామరగా వచ్చారు, ఈమె అలవాటు కొద్దీ డబ్బాలు ఇచ్చి పంపేసింది.

కాసేపటికి గుర్తొచ్చి గుమ్మంలోనే కూలబడింది. "కొంప మునిగిపాయ కదమ్మా, ఆడికి పోవాల్సింది ఈడికి పోయిండాది" అంది. అవతలివాళ్ల గింజలని తెలిస్తే మందు పెట్టారనే అంటారు, కత్తులు లేవడానికి ఆ ఊర్లో అంతకన్నా చిన్న కారణాలు చాలేవి. పొద్దున్నే పులివెందుల బస్సెక్కి మన ఊరికి పోదామన్నాడు మా ఆయన. ఆదివారం ప్రార్థన అయిపోయి అందరూ లేచినా మా అత్త కళ్లు తెరవలేదు.

సోమవారం పైవీధి అక్క, బిడ్డ పలక మరిచిపోయిందనే నెపంతో, బడికి వచ్చింది. ఆమె దగ్గరికొచ్చి చెవిలో, "టీచరమ్మా, ఆ పొడి మాది కాదని తొలి గుక్కకే తెలిసె. యాడిదో గూడా తెలుసు. శానా బాగుండాది. మా ఆయనకు చెప్పలే. ఇంగ మీద అట్లే మార్చి పంపమను మీ అత్తను" అంది. రెండు రోజులకు బావి దగ్గర కిందవీధి అక్క కూడా మా అత్తతో అదే మాట. ఆమె వేయించే పదను మాకు రాదులే అని మెచ్చుకుంది కూడానట.

ఆ రోజు మా ఇంట్లో ఎంత నవ్వుకున్నామో చెప్పలేను. ఇక మేం ఆ ఊరు వదిలేదాకా ప్రతి శనివారం ఆ తప్పే కావాలని చేసింది మా అత్త. ఎలక్షన్ల ముందు ఒకసారి పైవీధి పెద్దాయన మా వాకిట్లో నిలబడి, "మా ఇంట్లో కాఫీ మాదిరి కిందవీధోళ్లు జన్మలో తాగింటారా" అని తన మనుషులతో గొప్పలు పోతుంటే, ఆమె నోట్లో కొంగు కుక్కుకొని లోపలికి పరుగెత్తింది.

నిన్న పైవీధి అక్క మా ఇంటికి వచ్చింది, ఇప్పుడు ఆమె కూడా మేముండే ప్రొద్దుటూరులోనే ఉంటోంది. మా అత్తా లేదు, ఆ పెద్దాయనలిద్దరూ లేరు, వాళ్ల మనవళ్లు ఒకే పార్టీలో ఒకే కారులో తిరుగుతున్నారు. మా మిషను ముక్కుకు రెండు కొనలుంటాయి, ఒకసారి నొక్కితే ఒకే పొడిలో నుంచి రెండు కప్పుల్లోకి దిగుతుంది. అక్క ఒక గుక్క తాగి కప్పులోకి తొంగి చూసింది.

"ఇది కిందవీధి ఆయమ్మ కాఫీనే, చికోరి లేదు. అన్నేండ్లు ఆయమ్మది నేను తాగితి, నాది ఆయమ్మ తాగె. ఎదురుగా కూచోని ఒక్క మాట మాట్లాడుకునింది లేదు" అంది.

కిందవీధి అక్క పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎవరింట్లో ఎవరు కాఫీ తాగినా అడిగేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేని రోజు వచ్చేసరికి ఎదురుగా కూర్చోవాల్సిన మనిషి లేదు. రెండో కప్పు నాదే. అయినా దాన్ని అక్క ఎదురుగా అట్లాగే కాసేపు ఉండనిచ్చాను.